వేచియుండువాని వేతనము

లోకమున వివాదములు పుట్టుట క్రొత్త గాదు. భూమి కొఱకు అన్నదమ్ములు, లాభము కొఱకు భాగస్థులు, కూలి కొఱకు యజమానియు పనివాడును తగవులాడుకొనుచునే యుందురు. తగవు తీరువఱకు తలుపు మూసి తాళము వేయుటయు పాత పద్ధతియే. దానినే నేటి పారిశ్రామిక పరిభాషలో లాకౌట్ అందురు. సమ్మె పనివాని ఆయుధము, లాకౌట్ యజమాని ఆయుధము. ఈ రెండింటి న్యాయాన్యాయములను గూర్చి న్యాయస్థానములును, కార్మిక సంఘములును, ప్రభుత్వములును చాలినంత చర్చించినవి. కాని ఆ తగవులో తాను కక్షిదారుడు కాకయే వాకిట నిలిచిపోయినవాడొకడు కలడు. అతనిని పొమ్మని ఎవరును చెప్పరు, రమ్మనియు చెప్పరు, ఆగుమని మాత్రము చెప్పుదురు. అట్లు ఆగినవానికి యజమాని ఏమి ఋణపడియున్నాడు? కాయకమును ధర్మముగా నెంచు సమాజమునకు ఈ ప్రశ్న పరాయిది గాదు. తేలికైన ఉదాహరణమును ముందు చూచి, పిదప మన ముంగిట నున్న కఠినమైన దానిని పరిశీలించుట యుచితము.

తేలికైనది ఆటల లోకములో దొరకును. అమెరికా దేశమున క్రీడాజట్లు పెద్ద వ్యాపారసంస్థలు. అచ్చటి వారి పద్ధతిలో ఆడు ఫుట్‌బాల్ ఆటకు 32 జట్లతో ఒక లీగు కలదు. ఏటా వచ్చు సుమారు 900 కోట్ల డాలర్ల రాబడిని జట్ల యజమానులును ఆటగాండ్రును ఎట్లు పంచుకొనవలెనను తగవు ముదిరి, 2011 మార్చిలో యజమానులు లాకౌట్ ప్రకటించిరి. అది జూలై నెలాఖరున గాని తీరలేదు. ఇరుపక్షముల వారును కలిగినవారే. అయితే జట్టనగా ఆటగాండ్రు మాత్రమే కాదు. మైదానమున గడ్డి కోయువాడు, టిక్కెట్లమ్ము గుమాస్తా, లెక్కలు వ్రాయువాడు, కావలివాడు, వీరందఱును జట్టు సిబ్బందియే. ఆ 900 కోట్ల పంపకములో వీరికి కూర్చుండుటకు పీట లేదు. అయినను కోత ముందుగా వీరిపై బడెను. న్యూయార్క్ జెట్స్ అను జట్టు తన వ్యాపార విభాగపు ఉద్యోగులు నెలకొక వారము జీతము లేని సెలవు తీసికొనవలెనని నిర్ణయించెను. మఱికొన్ని జట్లు జీతములనే తగ్గించెను. కోత లేకుండ జీతములిచ్చిన జట్లును కలవు. లీగు కమిషనర్ రోజర్ గూడెల్ లాకౌట్ వచ్చినచో తన జీతమును ఒక్క డాలరునకు తగ్గించుకొందునని ముందే ప్రకటించెను. మఱుసటి సంవత్సరము 2012 సెప్టెంబరులో అచ్చటి హాకీ లీగులోను ఇట్టి లాకౌటే వచ్చి 2013 జనవరి వఱకు సాగెను. ఒక్కొక్క జట్టు 82 ఆటలాడవలసిన చోట 48 మాత్రమే ఆడగలిగెను.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. తగవు ఒక్కటే, మాసములును అవే, లీగు రాబడియు ఒక్కటే. అయినను ఒక జట్టు గుమాస్తాకు పూర్తి జీతమిచ్చెను, వేఱొక జట్టు కోసెను. కావున ఆ భేదమునకు కారణము శక్తి లేకపోవుట కాదు, చూచెడి చూపులోని తేడాయే. కమిషనర్ చేసిన త్యాగము మెచ్చదగినదే. పైవాడు ముందుగా వదలుకొనుట మంచి సంప్రదాయము. కాని కోట్లు గడించువాడు ఒక ఏటి జీతము వదలుకొన్నను అతని యింట పొయ్యి వెలుగును. గడ్డి కోయువాడు ఒక వారపు జీతము కోల్పోయినచో ఆ నెల అద్దె నిలిచిపోవును. ఇరువురి నష్టమును ఒకే త్రాసున తూచరాదు.

ఇక కఠినమైన ఉదాహరణము. నిజామాబాదు జిల్లాకు మంజీర నీరు వరము. 1931లో పూర్తియైన నిజాంసాగర్ జలాశయము వలన బోధన్, బాన్సువాడ ప్రాంతముల నేల చెఱకునకు అనువైనది. ఆ చెఱకును నమ్మి 1930ల చివరి భాగమున బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దాని చుట్టు పుట్టిన ఊరికి శక్కర్‌నగర్ అను పేరే స్థిరపడెను. ఆసియా ఖండములోనే పెద్ద కర్మాగారమని ఒకప్పుడు దానికి పేరుండెను. చెఱకు బండ్ల వరుసలు, సైరను మ్రోత, గొట్టపు పొగ, బెల్లపు వాసన, వీనితోనే ఆ పట్టణమున కాలము గడచెడిది. ప్రభుత్వరంగములో నున్న ఆ సంస్థను 2002లో సంయుక్త సంస్థగా మార్చి, 51 శాతము వాటాను ప్రైవేటు భాగస్వామికి ఇచ్చి, 49 శాతమును ప్రభుత్వము ఉంచుకొనెను. శక్కర్‌నగర్‌తో పాటు మెట్‌పల్లి దాపునగల ముత్యంపేట, మెదక్ ప్రాంతపు మంభోజిపల్లి కర్మాగారములును ఆ సంస్థ క్రిందికే వచ్చినవి. పిదప ఆ విక్రయము సరియా కాదా యను వాదములు, శాసనసభా సంఘపు విచారణ, ప్రభుత్వము తిరిగి తీసికొనునా, రైతుల సహకార సంఘమున కప్పగించునా యను చర్చలు, ఇట్లు ఏండ్లు గడచినవి. తుదకు 2015 డిసెంబరు 23న యాజమాన్యము మూడు కర్మాగారములకును లే-ఆఫ్ ప్రకటించెను. జనులు దానిని లాకౌట్ అనియే పిలిచిరి. గేటు మూయబడిన తరువాత పేరేదైనను వాకిట నిలిచినవానికి ఒక్కటే గదా.

వాటాదారులు ప్రభుత్వమును ప్రైవేటు భాగస్వామియు, అప్పులిచ్చినవి బ్యాంకులు, నిర్ణయములు జరిగినవి హైదరాబాదులో. పాన్‌మన్ ఈ తగవులో ఎవరి పక్షము? మరుగుచున్న రసము గింజ కట్టు క్షణమును కంటితోను వ్రేలితోను పోల్చుకొనుట అతని విద్య. దానికి ఇరువది యేండ్ల అభ్యాసము కావలెను. చక్కెర కర్మాగారము వెలుపల ఆ విద్యను కొనువాడు లేడు. వే-బ్రిడ్జి గుమాస్తాకు, ఫిట్టరునకు వేఱొక చోట పని దొరకవచ్చును. కాని "రేపు తెఱతురేమో" అను మాట వారిని కదలనీయదు. వెళ్లినచో ఉద్యోగమును బకాయిలును పోవునేమోనను భయము. ఉన్నచో దినము గడువదు. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ సంస్థ ఆస్తుల పరిసమాప్తికి ఆజ్ఞాపించెను. 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వము కర్మాగారమును తిరిగి తెఱపించు మార్గములను పరిశీలించుటకు ఒక సంఘమును నియమించెను. 2015 నుండి 2024 వఱకు ఎనిమిదేండ్లు. అంతలో పాఠశాలకు పోవు బిడ్డ పెండ్లియీడునకు వచ్చును.

వేచియుండుటకు ఎంత మూల్యమగునో చట్టమును చూచినను తెలియును. 2016 నాటి దివాలా స్మృతి ప్రకారము పరిసమాప్తి జరుగునపుడు ఆ ప్రక్రియ ఖర్చులు పోగా, కార్మికుల బకాయిలకు హామీగల బ్యాంకు అప్పులతో సమానమైన స్థానము కలదు. ఇది మెచ్చదగిన నిబంధన. కాని ఆ స్థానము పరిసమాప్తి ఆరంభమునకు ముందటి 24 నెలల బకాయిలకే పరిమితము. పని నిలిచిన మూడేండ్లకు ఆజ్ఞ వెలువడినచో, కార్మికుడు చెమటోడ్చి పనిచేసిన నెలలే ఆ గడువునకు వెలుపల పడు ప్రమాదము కలదు. గేటు వద్ద ఓర్పుతో కూర్చున్నకొలది అతని హక్కు సన్నగిల్లును. ఓర్పు సద్గుణమని బోధించు పెద్దలు ఈ లెక్కను ఒకసారి చూడవలెను.

లే-ఆఫ్ విషయములోను ఇట్టిదే. 2015 నాటికి అమలులో నున్న 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము లే-ఆఫ్ చేయబడిన కార్మికునకు మూలవేతనము, కరువుభత్యముల మొత్తములో సగము పరిహారముగా ఈయవలెనని చెప్పెను. అయితే ఋతువును బట్టి మాత్రమే నడచు సంస్థలకు ఆ నిబంధన వర్తింపదనియు అదే చట్టము చెప్పెను. చక్కెర పరిశ్రమ ఋతువును బట్టి నడచునదే గదా! చెఱకు పండిన నాలుగైదు మాసములే గానుగాట. తక్కిన కాలము యంత్రములకు విశ్రాంతి.

చట్టము వెనుకాడిన ఆ చోటనే చక్కెర పరిశ్రమ యొక్క సొంత ఆచారము ఒక దారి చూపుచున్నది. గానుగాట ముగిసిన పిదప సీజను కార్మికులు ఇండ్లకు పోవుదురు. వచ్చు సీజనునకు వారే తిరిగి రావలెనని కర్మాగారము కోరుకొనును. పనియెఱిగినవాడు చేజారినచో క్రొత్తవానికి నేర్పుట కష్టము. అందుచేత పనిలేని మాసములకును జీతములో కొంత భాగమును రిటైనింగ్ అలవెన్సు అను పేరుతో ఇచ్చు పద్ధతి ఈ పరిశ్రమలో ఏర్పడినది. అది దానము కాదు, దయయు కాదు. "నీవు మా కొఱకు ఆగియున్నావు, ఆగుట కూడ మాకు చేసెడి సేవయే" అని యజమాని ఒప్పుకొనుటయే. చక్కెర పరిశ్రమ తనంత తాను గ్రహించిన ఈ న్యాయమును లాకౌటునకును వర్తింపజేసిన చాలును, మన ప్రశ్నకు సమాధానము దొరకును. ఎదురుచూడుమని చెప్పువాడు ఎదురుచూపునకు మూల్యము చెల్లింపవలెను. చెల్లింపలేనిచో బకాయి తీర్చి వానిని విడుదల చేయవలెను. పని ఈయక, జీతమీయక, విడుదలయు ఈయక కట్టివేయుట మాత్రము ఏ ధర్మమునకును సమ్మతము కాదు.

ఇచ్చట శరణుల బోధను స్మరింపవలసియున్నది. పన్నెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండాగారాధికారియై యుండెను. అనగా ఇతరుల సొమ్మును లెక్కవ్రాసి కాపాడుటయే ఆయన కాయకము. అనుభవ మంటపమున చాకలి మాచయ్య, పడవ నడపు చౌడయ్య, త్రాళ్లు పేను చందయ్య మున్నగువారు తమ తమ పనులతోనే శివుని చేరవచ్చునని చాటిరి. కాయకమునందే కైలాసము కలదను సిద్ధాంతము మనకందఱకు కంఠస్థమే. కాని ఆ సిద్ధాంతమును మనము తఱచుగా పనివానికే బోధింతుము: శ్రద్ధగా పనిచేయుము, సోమరివి కాకుము అని. దాని రెండవ ముఖమును యజమానికి వినిపించుట తక్కువ. కాయకము పూజయైనచో ఒకని కాయకమును ఆపుట ఆ పూజను ఆపుటయే. గుడి తలుపు మూయుటకు ఎంతటి కారణము కావలెనో, పనివాని గేటు మూయుటకును అంతటి కారణము కావలెను.

అయ్దక్కి మారయ్య కథ వీరశైవ గృహములలో తెలియనివారుండరు. నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యము తెచ్చు పరిమాణము కంటె అధికముగా తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ ఒప్పక, ఆ యెక్కువ బియ్యమును తిరిగి చల్లిరమ్మని పంపెను. ఆ బియ్యము దొంగసొత్తు కాదు, దాసోహమునకు వాడదలచినదే. అయినను తమ భాగమునకు మించినదానిని ఇంట నుంచుట ఆ తల్లి సహింపలేదు. అట్లయినచో పనివాడు గడించియు పొందని జీతము యజమాని పెట్టెలో నుండుట ఏమగును? అదియు మారయ్య జోలెలోని అధికమైన బియ్యమే. ఇంకను చెప్పవలెనన్న దానికంటె బరువైనది. ఏలయన దాని సొంతదారుడు ఎవడో పేరుతో సహా తెలియును.

దీనికి కొన్ని ఆక్షేపణములు రావచ్చును. మొదటిది: యజమానియే నష్టములలో మునిగినప్పుడు ఎక్కడినుండి తెచ్చి యిచ్చును? ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. యజమానులందఱు అమెరికా జట్ల యజమానులవంటివారు కారు. నిజామాబాదు దాపున సారంగాపూరులోని సహకార చక్కెర కర్మాగారమును మూతపడినదే. సహకార సంఘమున సభ్యులైన రైతులే యజమానులు గదా. కావున మూతపడిన ప్రతి గేటు వెనుక ఒక లోభి యున్నాడనుట అన్యాయము. అయినను ధనము లేనివాడును చేయగల పనులు కొన్ని కలవు. నిజము దాచక చెప్పుట మొదటిది: తెఱచు ఆశ లేనిచో లేదని చెప్పుట, ఉన్నచో గడువు చెప్పుట. ఉన్న కొద్ది సొమ్మును చిన్న జీతగానికి ముందు, పెద్ద ఉద్యోగికి పిదప, తనకు చివర అను క్రమమున పంచుట రెండవది. పనిచేసిన కాలమునకు పత్రము వ్రాసి యిచ్చి వేఱొకచోట పని వెదకుకొనుటకు అడ్డు తొలగించుట మూడవది. తగవు తేలువఱకు క్వార్టరులోని కుటుంబమును కదలింపకుండుట నాల్గవది. వీనిలో కొన్నింటికి ఖర్చు స్వల్పము, కొన్నింటికి లేనే లేదు. డబ్బు లేనివానికి జీతమీయలేదను నెపము చెల్లవచ్చును గాని, మాట చెప్పలేదను నెపము చెల్లదు.

రెండవ ఆక్షేపణము: పనివారును సంఘము కట్టి సమ్మెలు చేయుదురు గదా, వారి పాలు వారనుభవింపవలదా యని. సమ్మె చేయువాడు మూల్యమెఱిగి చేయుచున్నాడు. సమ్మె దినములకు జీతము కోరుట అతనికి తగదనువారి వాదమును వినవచ్చును. కాని అంతకు ముందు పనిచేసిన దినముల జీతము ఏ తగవుతోను ముడిపడినది కాదు. అది యప్పుడే అతనిదైపోయినది. దానిని పణముగా పట్టుకొని బేరమాడుట ఇతరుని సొమ్మును తాకట్టు పెట్టుటవంటిది. ఇక సమ్మెలోను చేరక, నిర్ణయములోను చేరక, ఊరక వాకిట మిగిలిన కావలివాని మాట చెప్పనే యక్కరలేదు.

ఈ విచారణ పెద్ద కర్మాగారములకే పరిమితమని తలపరాదు. మన కుటుంబములలో వర్తకులు కలరు, రైసుమిల్లుల వారు కలరు, సేద్యగాండ్రు కలరు. అన్నదమ్ములు పంపకముల తగవు పడి మిల్లునకు తాళము వేసినప్పుడు హమాలీలు ఏమైరని అడుగువాడెవడు? పెద్దమనుషులు పదిసార్లు కూర్చుందురు; గోడలు, యంత్రములు, అప్పులు, నగలు అన్నియు లెక్కకు వచ్చును. దుకాణమున పదునైదేండ్లు పద్దులు వ్రాసిన గుమాస్తా పేరు ఆ కాగితముపై ఎక్కదు. అతడు మాత్రము ప్రతి ఉదయము వచ్చి మూసిన తలుపు చూచి పోవుచుండును; పెద్దన్న కనబడినచో "ఇంకొక నెల ఆగు" మనును, చిన్నన్న కనబడినచో "వాని నడుగు" మనును. సేద్యమున జీతగాని సంగతియు అంతే. కాలువకు నీరు రాక పొలము బీడు పెట్టినప్పుడు అతడు ఆగవలెనా, పోవచ్చునా యను మాట ఉగాదికి ముందే చెప్పుట యజమాని ధర్మము. పంపకపు కాగితము వ్రాయునప్పుడు మొదటి పంక్తిగా పనివారి బకాయిలు వ్రాయుదుమను నియమమును పెద్దమనుషులు పెట్టుకొన్నచో, బోధన్ గేటు వద్ద మనము చూచి నొచ్చుకొన్న దుఃఖములో కొంత మన వాకిండ్లలో లేకుండ పోవును.

మఠములకును ఇందు బాధ్యత కలదు. దాసోహము వీరశైవ ధర్మమునకు ప్రాణము. అన్నసంతర్పణకు, విద్యార్థి వసతిగృహమునకు, రథోత్సవమునకు గృహస్థులు భక్తితో సమర్పింతురు, స్వాములు ఆశీర్వదింతురు. అది సక్రమమే. కాని దాసోహమునకు కాయకము మూలము. కాయకముచే గడించినది తనదైనప్పుడే సమర్పణకు అర్హత. పనివానికి ఆరు మాసముల జీతము బాకీయుంచి, మఠమునకు వెండి పళ్లెరము సమర్పించువాడు తన సొమ్మును సమర్పించుచున్నాడా, హమాలీ సొమ్మునా? ఆ పళ్లెరము స్వీకరించునప్పుడు స్వామివారు మృదువుగా ఒక్క మాట అడిగిన ఎట్లుండును: "నాయనా, నీ వాకిట ఎవరైన వేచియున్నారా?" అట్లడిగినందున కొన్ని కానుకలు తగ్గవచ్చును. తగ్గినను లోపము లేదు. లక్కమ్మ తిరిగి పంపిన బియ్యము వలన ఆ యింట దాసోహము ఆగలేదు.

కర్మాగారములు తెఱచుటయు మూయుటయు అనేక కారణములపై ఆధారపడి యుండును. అన్నియు మన చేతిలో లేవు. ఒకనిని ఆగుమనునప్పుడు ఎన్నాళ్లని చెప్పుట, ఆగినన్నాళ్లకు కొంతయైన ఇచ్చుట, ఈయలేనప్పుడు బకాయి తీర్చి చేతులు జోడించి పంపుట, ఇవి మన చేతిలోనివే. వచ్చు బసవ జయంతికి ఇష్టలింగపూజ చేసికొను ప్రతి యజమానియు పూజకు ముందు తన పద్దుల పుస్తకము ఒకసారి తెఱచి చూచుకొనుట మేలు. భాండాగారపు లెక్కలు చూచిన బసవేశ్వరునకు ఆ పూజాక్రమము తప్పుగా తోచదు.